నా పడవకు నేను కట్టిన ధర

మా చర్చిలో కోత పండుగ వేలం ఇరవై ఏళ్ళపాటు నేనే వేశాను. సంవత్సరానికి ఒక ఆదివారం, ఆరాధన ముగిశాక, సంఘస్థులు తెచ్చిన గుమ్మడికాయలూ అరటిగెలలూ కోళ్ళూ ఊరగాయ జాడీలూ చేత్తో కుట్టిన దిండు గలీబులూ చర్చి ఆవరణలో వేలానికి పెడతారు. వచ్చిన డబ్బు దేవుడి పనికి పోతుంది. మోండా మార్కెట్‌లో రెండు రూపాయలకు దొరికే నిమ్మకాయల్ని నేను ఎనభై రూపాయలకు అమ్మాను. ఒక ఏడాది ఒకే కోడిపెట్టను నాలుగుసార్లు అమ్మాను, ఎందుకంటే కొన్న ప్రతివాడూ దాన్ని మళ్ళీ దేవుడికే ఇచ్చేశాడు. కోడి అలసిపోయింది గానీ నేను అలసిపోలేదు. ఇక ధరల గురించి నాకు తెలిసినంత సికింద్రాబాద్‌లో మరెవరికీ తెలియదని నేను నమ్మానంటే అందులో నా తప్పు కొంతే.

మిగిలిన రోజుల్లో నేను బడిలో లెక్కల మాస్టారిని. ఒకసారి ఏదో ప్రభుత్వ శాఖ వాళ్ళు తమ గోదాములో పాత సామాను వేలం వేస్తున్నారని తెలిసి, బడికి రెండు ఇనుప బీరువాలు తెమ్మని మా హెడ్మాస్టరు నన్ను పంపించాడు. వేలమంటే మాస్టారే వెళ్ళాలన్నాడు. ఆ మాటకే నేను సగం ఉబ్బిపోయాను. బీరువాలు చవగ్గానే కొన్నాను. తరవాత ఒక మూల బోర్లా పడి ఉన్న మోటారు బోటు వంతు వచ్చింది. ఎవరూ నోరు విప్పలేదు. వేలం వేసే గుమాస్తా గొంతు నీరసంగా ఉంది, వినలేకపోయాను. తోటి వృత్తివాడి మీద జాలితో, కేవలం అతనికి కాస్త ఊపు ఇద్దామని, తొమ్మిది వేలు అన్నాను. అతను ఏమాత్రం ఊపు తెచ్చుకోకుండా మూడుసార్లు అనేసి రసీదు రాసిచ్చాడు.

పడవ పొడవు పద్నాలుగు అడుగులు. ఒళ్ళు ఫైబరుది. వెనక చెక్కకు తగిలించే మోటారు తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది, దాని లోపల కందిరీగలు కాపురం పెట్టాయి. టెంపోలో చిలకలగూడలోని మా ఇంటి ముందుకు తెచ్చి దించుతుంటే నా భార్య గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏమండీ, బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి?" అంది.

మాది గోదావరి పక్క ఊరు కాబట్టి పడవల సంగతి నాకు తెలుసని చెప్పాను. గోదావరి పక్కన పుట్టి కూడా ఈత రానివాళ్ళు కొందరుంటారు. నేను వాళ్ళలో ఒకణ్ణి. ఆ ముక్క ఆమెకు పెళ్ళయిన కొత్తనుంచే తెలుసు.

బాగుచేయడానికి రాంగోపాల్‌పేట్ నుంచి ఒక మెకానిక్‌ని తీసుకొచ్చాను. పంపుసెట్లు బాగుచేసే షెడ్డులో ఇరవై ఏళ్ళుగా రోజుకూలీకి పనిచేస్తున్నాడు. అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆయన మోటారు చుట్టూ ఒకసారి తిరిగి, మూత విప్పి, కందిరీగలను పొగపెట్టి పంపించి, "నడుస్తది సార్. జెర టైమ్ పడ్తది" అన్నాడు. కూలీ ఇచ్చే స్తోమత నాకు లేదని చెప్పాను. అప్పుడు మా ఒప్పందం కుదిరింది: సామాను ఖర్చు నాది, పని ఆయనది, అమ్మిన ధరలో చెరి సగం.

ఆయనకు ఆ సగం ఎందుకో మొదటి నెలలోనే తెలిసింది. పనిచేసే షెడ్డు పక్కనే ఒక చిన్న షట్టరు కొట్టు ఖాళీగా ఉంది. ముప్పై వేలు పగిడీ, అంటే తిరిగిరాని అడ్వాన్సు, ముట్టజెబితే దాని యజమాని ఆయనకే అద్దెకిస్తానన్నాడు. "ఒక్క బోర్డు పెట్టుకుంట సార్. ఇంకొకని దగ్గర చెయ్యి చాపుడు ఉండదు" అనేవాడు. ఈ మాట ఆయన నట్లు బిగిస్తూ చెప్పేవాడు, నా వైపు చూసి చెప్పేవాడు కాదు.

పని రెండేళ్ళు పట్టింది. సెలవు రోజుల్లో, ఆదివారం మధ్యాహ్నాల్లో వచ్చేవాడు. నేను నట్లు విప్పే పానాలు అందించేవాణ్ణి. పదమూడో నంబరు అడిగితే పదిహేను ఇచ్చేవాణ్ణి. నేను సొంతంగా చేసిన పనులు రెండు: రంగు ఎంపిక చేశాను, ఎంపిక చేసినది బాగాలేదని ఇంకోసారి ఎంపిక చేశాను. ఆఖరికి ఒక ఆదివారం మోటారును నీళ్ళు నింపిన డ్రమ్ముకు తగిలించి ఉస్తాద్ తాడు లాగాడు. నాలుగో లాగుడుకు అందుకుంది. వీధంతా పొగ. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. నా భార్య ఆరేసిన దుప్పటి మళ్ళీ ఉతకాల్సి వచ్చింది. నేను మాత్రం ఓడ నడిపినవాడిలా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

ఇక ధర కట్టాలి. ఇంట్లో లెక్కల మాస్టారు ఉండగా వేరేవాళ్ళను అడగడం ఎందుకు? కొత్త నోటుబుక్కు తీశాను. మొదటి పద్ధతిలో, పడవ కొన్న డబ్బూ సామాను ఖర్చూ కలిపితే ఇరవై రెండు వేలు వచ్చింది. అది చూసి నాకు చిన్నతనం అనిపించింది. రెండో పద్ధతిలో కొత్త బోటు ధర తీసుకుని ఏడాదికి ఇంత చొప్పున తగ్గిస్తూ వచ్చాను. బోటు ఎప్పుడు తయారైందో ఎవరికీ తెలియదు కాబట్టి వయసు నేనే నిర్ణయించాను. నలభై ఎనిమిది వేలు వచ్చింది. మూడో పద్ధతి నా సొంతం. అందులో నేను కోల్పోయిన మధ్యాహ్నం నిద్రలకు వెల కట్టాను, రెండు రంగులకూ ధర వేశాను, ఒకటి కింద ఉండి కనిపించకపోయినా సరే. మొత్తం అరవై నాలుగు వేలు. ఆ కాగితాన్ని ఉస్తాద్‌కు చూపించాను.

ఆయన చదవలేదు. పడవ అంచు మీద చెయ్యి వేసి, "నలభైకి జెర అటూ ఇటూ సార్. గంతే" అన్నాడు.

"నీకు ఇంజను తెలుసు ఉస్తాద్, ధర నాకు వదిలెయ్" అన్నాను. ఆయన వదిలేశాడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అంత తేలిగ్గా వదిలేశాడు.

పేపర్లో ప్రకటన వేశాను. అద్భుతమైన స్థితిలో ఉంది అని రాశాను. మొదట వచ్చినవాడు ఒక పెద్దాయన. ఏదో ప్రాజెక్టు వెనక నీళ్ళల్లో మూడు తండాలకు పడవ వేస్తాడట. పాత చెక్కపడవ పోయిందట. చెప్పులు గేటు దగ్గర విడిచి, పడవ అడుగున పాకుతూ అంతా తడిమి చూసి, ముప్పై ఐదు ఇస్తానన్నాడు. నేను నవ్వాను. ఎలా నవ్వానంటే, గుమ్మడికాయకు అయిదు రూపాయలు పాడిన చిన్నపిల్లల్ని చూసి వేలంలో నేను నవ్వే నవ్వు ఒకటుంది, అది నవ్వాను. ఆయన ఏమీ అనుకోకుండా, మా ఊరి కిరాణా కొట్టు ఫోన్ నంబరు రాసుకోండి సారూ, అన్నాడు. రాసుకున్నాను.

తరవాత ఇంకో ఇద్దరు వచ్చారు. ఒకడు పాత మోటార్ల వ్యాపారి, ఇంకొకడు ఊరవతల తోటలో చిన్న చెరువు తవ్వించి జనాన్ని తిప్పుదామనుకుంటున్నవాడు. ఇద్దరూ ముప్పై దగ్గర ఆగారు. ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు రావడమే తప్పని నాకు తోచింది. మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు పిసినారి, నలుగురిలో ఉన్నప్పుడు దాత. ఇరవై ఏళ్ళ కోత పండుగలు నాకు నేర్పింది అదే. ముగ్గురినీ ఒకే ఆదివారం, చర్చి అయ్యాక, మా ఇంటి ముందుకు పిలిచాను. వేలం.

ఒక జాగ్రత్త కూడా తీసుకున్నాను. మా గాయక బృందంలో బొంగురు గొంతుతో కింది స్వరం పాడే సోదరుడు ఒకాయన ఉన్నాడు. నాకు మంచి స్నేహితుడు. కొనేవాళ్ళలో ఒకడిలా నిలబడి ధర కాస్త పైకి లాగమని ఆయన్ని అడిగాను. "నేను కళ్ళజోడు తీయగానే ఆపెయ్యి బ్రదర్" అన్నాను. ఇది మోసమని ఆ రోజు అనిపించలేదు. చర్చిలో మేము ఎన్నోసార్లు చేశాం, దేవుడి పని కోసం.

ఆ ఆదివారం ఉస్తాద్ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఆ నెలాఖరులోగా పగిడీ ఇవ్వకపోతే షట్టరు వేరేవాడికి ఇచ్చేస్తానని యజమాని చెప్పాడని ముందురోజే తెలిసింది. నెలాఖరు ఇంకా ఆరు రోజులుంది. నేను పడవలోకి ఎక్కి నిలబడి ఇరవై అయిదు నుంచి మొదలుపెట్టాను. వ్యాపారి, తోటాయన ముప్పై దగ్గర చేతులు కట్టుకున్నారు. పెద్దాయన ముప్పై ఐదు అన్నాడు. మా సోదరుడు గొంతు సవరించుకుని ముప్పై ఎనిమిది అన్నాడు. పెద్దాయన నలభై. సోదరుడు నలభై ఒకటి. పెద్దాయన నడుముకున్న మూట తడుముకుని, నలభై రెండు, ఇగ నావల్ల కాదు సారూ, అన్నాడు.

అక్కడ నేను కళ్ళజోడు తీయాలి. తీసేవాణ్ణే. కానీ గొంతు అప్పటికే వేడెక్కింది. ఎండలో పడవ మీద నిలబడి, "నలభై రెండేనా? ఈ రంగు చూడండి, ఈ మోటారు చూడండి" అంటున్నాను. సోదరుడు నలభై అయిదు అన్నాడు. ఇంక ఎవరూ పలకలేదు. అయినా ఆయన ఆగలేదు. యాభై అన్నాడు.

ఇక్కడ మా చర్చి అలవాటు ఒకటి చెప్పాలి. కోత పండుగలో తన పాట మీద తనే పెంచి పాడటం భక్తికి గుర్తు. ఎవరూ పోటీ లేకపోయినా, నేనే ఇంకో పది, అని లేచి చెబుతారు. సంఘమంతా సంతోషిస్తుంది. మా సోదరుడు ఇరవై ఏళ్ళుగా అలా పాడుతున్నవాడు, అదే నా గొంతు వింటూ. ఆయన కళ్ళు సగం మూసుకుపోయాయి. యాభై అయిదు అన్నాడు. పెద్దాయన నోరు తెరిచి, తన పాట మీద తనే పెంచుకునే ఆ మనిషిని చూస్తున్నాడు. సోదరుడు అరవై అన్నాడు. నేనేమో అలవాటు చొప్పున, "అరవై వేలు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని పడవ అంచు మీద చేత్తో కొట్టేశాను.

అలా నా పడవను నేనే అరవై వేలకు కొనుక్కున్నాను. నా తరఫున పాడిన సోదరుడి జేబులో అప్పుడు ఆటో డబ్బులు కూడా లేవు.

వ్యాపారికి సంగతి అర్థమైంది. నవ్వుకుంటూ తోటాయన్ని వెంటబెట్టుకుని టీ తాగడానికి పోయాడు. పెద్దాయన చెప్పులు తొడుక్కుని నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. అర్థం కానిది ఒక్క ఉస్తాద్‌కే. ఆయన పెదవులు కదులుతున్నాయి. అరవైలో సగం ముప్పై. ఆయన దగ్గరికి వెళ్ళాలని నేను పడవ దిగేలోపు సైకిలెక్కి మలుపు తిరిగిపోయాడు. నేను వెనకాలే పరుగెత్తాల్సింది. ఎండగా ఉందని ఆగాను.

మర్నాడు బడి అయ్యాక రాంగోపాల్‌పేట్ వెళ్ళాను. షెడ్డులో లేడు. పక్కన ఖాళీ షట్టరులో గోడలకు సున్నం వేస్తున్నాడు.

"రా సార్. షట్టరాయనకు మాటిచ్చిన. శనివారం పైసలు కడ్తనని చెప్పిన. మా సేటుకు సుత చెప్పేసిన, ఇగ పనికి రానని" అన్నాడు.

ఇరవై ఏళ్ళ పని. నేను అరిచిన మూడు అరుపుల మీద నమ్మకంతో వదిలేసుకున్నాడు. అయినా చెప్పాను. సోదరుడి సంగతి, కళ్ళజోడు సంగతి, అన్నీ. చెబుతూ చెబుతూ అందులో తమాషా ఏదైనా దొరుకుతుందేమోనని వెతికాను, ఆ అలవాటు నాకుంది. ఏమీ దొరకలేదు.

ఆయన కుంచెను బకెట్టు మీద అడ్డంగా పెట్టాడు. సున్నం చేతుల్ని గుడ్డకు తుడుచుకున్నాడు.

"నువ్వు మూడుసార్లు అన్నవ్ గద సార్" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. తరవాత, "గా పెద్దమనిషి ఫోన్ నంబరుందా? పిలువు. నీళ్ళల్ల దించి చూపిద్దాం. రెండేండ్లాయె, మనం సుత చూడలే" అన్నాడు.

నిజమే. రెండేళ్ళు బాగుచేసి, మూడు పద్ధతుల్లో ధర కట్టి, వేలం వేసి అమ్మేసిన పడవను మేము ఒక్కసారి కూడా నీళ్ళలో పెట్టలేదు.

ఇంటికొచ్చి నా భార్యకు అంతా చెప్పాను. ఆమె అన్నం వడ్డిస్తూ విన్నది. "చర్చిలో పాడుకుని డబ్బు కట్టనివాళ్ళ పేర్లు పాస్టరు అయ్యగారు చదువుతారు కదండీ. కట్టేదాకా ప్రతి ఆదివారం చదువుతారు. మరి మీరు పాడుకున్నది మీరు కట్టరా?" అంది. ఆ వేలం వేరు, ఈ వేలం వేరు అన్నాను. మజ్జిగ పోస్తూ, తేడా ఏంటో చెప్పండి, అంది.

గురువారం బడికి సెలవు పెట్టి పడవను టెంపోలో శామీర్‌పేట చెరువుకు తీసుకెళ్ళాం. పెద్దాయన బస్సు దిగి మాకంటే ముందే వచ్చి గట్టున కూర్చున్నాడు. ముగ్గురం పడవను నీళ్ళలోకి తోశాం. తేలింది. నేను ఆశ్చర్యపోయానని ఒప్పుకోవాలి. వాళ్ళిద్దరూ ఎక్కారు. యజమానిని కాబట్టి నేనూ ఎక్కాల్సి వచ్చింది. రెండు చేతులతో అంచు పట్టుకుని, చూపు కాళ్ళ మధ్య నిలిపి కూర్చున్నాను. ఆదివారం ఇదే పడవలో నిలబడి ఊరంతా వినిపించేలా అరిచినవాణ్ణి నేనే.

పెద్దాయన మోటారు పిడి పట్టుకున్నాడు. చెరువు మధ్య దాకా తీసుకెళ్ళి, చుట్టూ తిప్పి, ఆపి, మళ్ళీ నడిపాడు. ఆయన ముఖంలో సంతోషం దాచుకోవడం ఆయనకు చేతకాలేదు. చూపంతా ముందుకే ఉంది. నా చూపు కిందే ఉంది కాబట్టి నేను చూశాను: మోటారు తగిలించిన చెక్కకు బోల్టులు వేసిన చోట సన్నగా నీళ్ళు ఊరుతున్నాయి. తల ఎత్తితే ఉస్తాద్ కూడా అక్కడే చూస్తున్నాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. నేను కాలు కొంచెం జరిపి ఆ తడిని కప్పాను. ఇది రాయకుండా వదిలేద్దామనుకున్నాను, కానీ రాస్తున్నాను.

గట్టుకు వచ్చాక పెద్దాయన తువ్వాల మూట విప్పాడు. "మొన్న నలభై రెండు అన్న సారూ. గదే మాట" అన్నాడు.

నలభై రెండులో సగం ఇరవై ఒకటి. ఉస్తాద్ శనివారం కట్టాల్సింది ముప్పై. నేను మనసులో ఈ లెక్క వేస్తున్నాను. ఆయనా వేసే ఉంటాడు.

"ముప్పై ఎనిమిది ఇయ్యి పెద్దనాయనా. ఎనక బోల్టుల కాడ నీళ్ళొస్తున్నయ్. చెక్క లోపల మెత్తబడ్డది, నేను అప్పుడే మార్చాల్సుండె. ఇంటికి పోంగనే కొత్త చెక్క ఏయించుకో, నాలుగు వేలల్ల అయితది. గప్పటిదాంక జనాన్ని ఎక్కియ్యకు" అన్నాడు ఉస్తాద్.

నిజం చెప్పాలంటే నాకు ముందు కోపం వచ్చింది. రెండు వేలు నా వాటాలో తగ్గాయని కాదు, అది కూడా కొంచెం ఉంది. ఎవరికి డబ్బు అందరికంటే ఎక్కువ అవసరమో ఆ మనిషే తగ్గించాడు. నేను కాలితో కప్పిన చోటును ఆయన చేత్తో చూపించాడు. కోపం పోయాక మిగిలింది సిగ్గు. అంత సిగ్గు నాకు అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు. పెద్దాయన వంగి ఆ బోల్టులు చూసి, తల ఊపి, ముప్పై ఎనిమిది నా చేతిలో పెట్టాడు. పడవను తీసుకుపోవడానికి సాయంత్రం వాళ్ళ ఊరి లారీ వస్తుందన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఖాళీ టెంపోలో వెనకాల ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నేను ముప్పై వేలు వేరు చేసి ఆయన ఒళ్ళో పెట్టాను. నా చేతిలో ఎనిమిది మిగిలింది. ఖర్చు పెట్టింది ఇరవై రెండు. ఇది ఏ పద్ధతిలో వేసినా మారని లెక్క.

ఆయన పదకొండు వేలు తీసి నా వైపు చాచాడు. "నాది పంతొమ్మిదే సార్."

"కాదు ఉస్తాద్. ఆ ఆదివారం అరవైకి కొన్నది నేనే. కొన్నవాడు కట్టాలి. అందులో సగం నీది" అన్నాను. ఈ వాక్యం నా భార్యదని మాత్రం చెప్పలేదు.

టెంపో గతుకుల్లో పడి లేస్తోంది. ఆయన ఆ నోట్లను మిగతావాటితో కలిపి, మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. గుండీ పెట్టుకుంటూ అడిగాడు.

"ఒక్క మాట చెప్పు సార్. కొనేటోడివి నువ్వే అని ముందుగాల తెలిస్తే, గా రేటు దాంక పోనిచ్చేటోడివా?"

లేదన్నాను. ముప్పై ఎనిమిది కూడా నాకు ఎక్కువే అనిపించేదని చెప్పాను.